మాస్టారి కుడిచెయ్యి

ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. అయినా ఆ వీధిలో పిల్లాజెల్లా మొదలు ముసలీముతకా దాకా అందరికీ ఆయన మాస్టారే. పెద్ద రోడ్డు నుంచి రైల్వే స్టేషనుకి పోయే ఇరుకు వీధిలో, మందుల షాపుకీ సైకిళ్ళు బాగుచేసే షాపుకీ నడుమ ఒదిగి ఉండేది ఆయన కటింగ్ షాపు. రెండు తిరుగుడు కుర్చీలు, గోడ పొడుగునా ఒకటే అద్దం, అద్దం కింద చెక్కబల్ల మీద కత్తెర్లు, దువ్వెనలు, పటిక ముక్క, నీళ్ళు చిమ్మే సీసా. వచ్చినవాళ్ళు తమ వంతు వచ్చేదాకా కూర్చోడానికి వీపున్న చెక్క బెంచీ ఒకటి. అంతే ఆయన రాజ్యం.

గడ్డం గీస్తుంటే కత్తి ఎప్పుడు చెంప మీదికి వచ్చిందో, ఎప్పుడు దిగిపోయిందో తెలిసేది కాదు. "మాస్టారిది వెన్నచెయ్యి" అనేవాళ్ళు. ఆ మాట వింటే ఆయన పైకి ఏమీ అనేవాడు కాదు గానీ, ఆ పూట టీ కాస్త ఎక్కువ రుచిగా ఉండేది.

ఆయనకి ఒక్కడే తమ్ముడు. చాలా చిన్నవాడు. కత్తెర పట్టుకోవడం అన్న దగ్గరే నేర్చుకున్నాడు. చాలాకాలం రెండో కుర్చీ వాడిదే. ఒకరోజు కరెంటుతో నడిచే కటింగ్ మెషీను కొనుక్కొచ్చి అద్దం కింద పెట్టాడు. మాస్టారు దాన్ని పామును చూసినట్టు చూశాడు. చేతిలో పనితనం ఉన్నవాడికి తీగెందుకురా, మనిషి మెడ మీద కరెంటు పెడతావా అన్నాడు. కాలం మారిందన్నాడు తమ్ముడు. కాలం మారితే జుట్టు మొలిచే తీరు మారిందా అన్నాడు అన్న. అలా మాటకి మాట పెరిగి, చివరికి తమ్ముడు వీధికి అవతలివైపు అద్దాల తలుపు పెట్టి సొంత షాపు తెరుచుకున్నాడు. కొట్టుకోలేదు, తిట్టుకోలేదు. మాటలే పలచబడి పలచబడి ఆగిపోయాయి. ఎదురుబొదురు షాపులు కాబట్టి, పొద్దున షట్టర్లెత్తేటప్పుడు ఇద్దరి వీపులు మాత్రం పలకరించుకునేవి.

మాస్టారి భార్య మటుకు మరిదితో మాట మానలేదు. అన్నదమ్ముల మధ్య గోడ లేస్తే దానికి ఒక కిటికీ అయినా పెట్టాల్సింది ఆడవాళ్ళేనని ఆవిడ నమ్మకం.

ఇలా ఉండగా, ఒక మధ్యాహ్నం మాస్టారికి అనుకోనిది జరిగింది. పొద్దున్నుంచీ ఊపిరి తిరగనంత పని. అన్నం తిని వచ్చేసరికి వీధిలో నరపురుగు లేదు. ఎండకి సైకిళ్ళ షాపతను కూడా గోనెపట్టా దించుకున్నాడు. మాస్టారు బెంచీ మీద వారగా కూర్చుని, కుడిచెయ్యి బెంచీ వీపు మీదుగా అవతలికి వేలాడేసి, చెంప భుజానికి ఆనించాడు. కాసేపు కళ్ళు మూసుకుందామనే అనుకున్నాడు. నిద్ర మనల్ని అడిగి వస్తుందా? మొద్దునిద్ర పట్టేసింది.

లేపింది ఎప్పుడూ వచ్చే ఖాతాదారు ఒకాయన. మాస్టారు ఉలిక్కిపడి లేచి, ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, మెడ చుట్టూ గుడ్డ కప్పబోయాడు. కుడిచెయ్యి రాలేదు. భుజం లేచింది, మోచెయ్యి వంగింది, మణికట్టు దగ్గర్నుంచి మాత్రం తెగిన కొమ్మలా వాలిపోయి ఉంది. తిమ్మిరెక్కిందనుకుని విదిలించాడు. ఎడమచేత్తో రుద్దాడు. దువ్వెన వేళ్ళ మధ్య ఇరికించి చూస్తే అది జారి నేల మీద పడింది. వేళ్ళు ముడుచుకుంటున్నాయి గానీ విచ్చుకోవడం లేదు. అద్దంలో ఇదంతా చూస్తున్న ఖాతాదారు మెల్లగా గుడ్డ తీసి లేచి నిలబడి, ఇంటికి కబురు చెయ్యమంటారా మాస్టారూ అన్నాడు.

భార్య వచ్చేసరికి వీధిలో సగం మంది గుమిగూడి ఉన్నారు. పక్షవాతమని ఒకరు, కాదు గుండె అని ఒకరు. చెయ్యి పడిపోయిందంటే మూతి కూడా వంకరపోవాలే అని మందుల షాపాయన ఆయన మొహంలోకి మొహం పెట్టి చూశాడు. ఆవిడ అందరినీ పక్కకి జరిపింది. ఆటో పిలిచి, ఆయన్ని ఎక్కించి, పడిపోయిన చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని ఆస్పత్రి దాకా వదల్లేదు. దారిలో ఆయన ఆలోచన ఒకటే. ప్రాణం ఉండి చెయ్యి పోతే తనని మాస్టారని ఎవరు పిలుస్తారు?

ఆస్పత్రిలో డాక్టరు ఆయన్ని నవ్వమన్నాడు. ఆ సమయంలో నవ్వడమేమిటో అర్థం కాకపోయినా నవ్వాడు. మూతి తిన్నగానే ఉంది. నడవమన్నాడు, కళ్ళు మూయమన్నాడు, చేతులు చాపమన్నాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చెయ్యి వెనక సూదితో తాకితే మాస్టారికి తెలియలేదు. అప్పుడు డాక్టరు, మధ్యాహ్నం ఎలా పడుకున్నారని అడిగాడు. చెప్పాక తల ఊపాడు. మోచేతికి పైన ఎముకని చుట్టుకుని ఒక నరం కిందికి దిగుతుందనీ, బెంచీ వీపు అంచు సరిగ్గా దాన్నే నొక్కిపెట్టిందనీ, పక్షవాతం కాదనీ, కాలం పట్టినా బాగవుతుందనే అనుకుంటున్నాననీ చెప్పి ఫిజియోథెరపీకి రాశాడు. బెంచీ మీద కునుకు తీస్తే చెయ్యి పడిపోతుందా అని భార్య రెండుసార్లు అడిగింది. ఊపిరి పీల్చుకున్నాక ఆవిడకి కోపం వచ్చింది. ఇంట్లో మంచం ఉంది కదా అంది.

ఫిజియోథెరపీ గది ఆస్పత్రి కింది అంతస్తులో వరండా చివర ఉండేది. రోగులు దాన్ని కరెంటు గది అనేవాళ్ళు. ఆకుపచ్చ గుడ్డ తెరలతో విడదీసిన మూడు మంచాలు, గోడకి పట్టుకుని నిలబడేందుకు చెక్కబారు, దాని ముందు నిలువుటద్దం, కిటికీ పక్క సింకు. ఆ గదిని చూసుకునేది ఒక చిన్నవయసు అమ్మాయి. జుట్టు గట్టిగా వెనక్కి లాగి కట్టుకుని, తక్కువ గొంతుతో మాట్లాడేది. మాస్టారి అలవాటైన కళ్ళు ముందు ఆ జుట్టునే చూశాయి. చివర్లు ఎవరో వంకరగా కత్తిరించారని ఆయనకి తెలిసిపోయింది.

పక్క మంచం మీద ఒక పెద్దావిడ బోర్లా పడుకుని ఉంది. నడుం మీద నాలుగు బిళ్ళలు అంటించి, వాటి తీగలు ఒక చిన్న పెట్టెకి కలిపారు. ఆవిడ బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరయిన మనిషి. జీవితమంతా కదిలే బస్సులో నిలబడి నడుం పాడుచేసుకుంది. కొత్త మనిషి భయంగా చూస్తున్నాడని గమనించి, చూపు తిప్పకుండానే పలకరించింది.

"భయపడకు తమ్ముడూ. చీమలు పాకినట్టుంటుంది. కుట్టవు."

ఆ అమ్మాయి మాస్టారి ముంజేతిని దిండు మీద పెట్టింది. రెండు స్పాంజి ముక్కల్ని సింకు దగ్గర తడిపి పిండి, వాటిలో రబ్బరు బిళ్ళలు దోపి, మోచేతి కింద ఒకటి, ముంజేతి మధ్యలో ఒకటి పట్టీలతో కట్టింది. పాతకాలపు రేడియో అంత పెట్టె ఒకటి ముందుకు లాగి మీట మెల్లగా తిప్పింది. ముందు చీమలు పాకాయి. తర్వాత చర్మం కింద ఎవరో తట్టి లేపుతున్నట్టు అనిపించింది. ఉన్నట్టుండి, చచ్చుబడి దిండు అంచున వేలాడుతున్న ఆ చెయ్యి మణికట్టు దగ్గర పైకి లేచింది. వేళ్ళు విచ్చుకున్నాయి. ఒక క్షణం అలా నిలిచి మెల్లగా వాలింది. మళ్ళీ లేచింది.

మాస్టారు దిండు మీదికి వంగాడు. తన చేతిని తానే ఎవరిదో అన్నట్టు చూశాడు.

"లేచింది," అన్నాడు.

"లేపింది," అని ఆ అమ్మాయి మెల్లగా సరిదిద్దింది.

ఆ ఒక్క అక్షరం తేడా ఆయనకి ఆ రోజు ఎక్కలేదు. పట్టీలు విప్పగానే భార్యని కేకేసి చూడమన్నాడు. చెయ్యి ఎత్తాడు. మణికట్టు కిందికి వేలాడింది. ఇంకోసారి ప్రయత్నించాడు. వేలాడింది. అప్పుడు ఆ అమ్మాయి స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"మీ నరం తెగలేదు మాస్టారూ, తీగలా ఒకచోట నలిగింది. ఆ చోటికి కింద అంతా బాగానే ఉంది, అందుకే కరెంటు పెట్టగానే చెయ్యి పలికింది. అది మంచి గుర్తు. కానీ మీ మాట పైనుంచి కిందికి దిగాలంటే నలిగినచోటు మానాలి. దాన్ని ఈ పెట్టె మాన్పలేదు. అది మానేదాకా కండ కరిగిపోకుండా కాపలా కాస్తుంది."

ఎన్నాళ్ళు పడుతుందని అడిగాడాయన. వారాలు పట్టొచ్చు, నెలలూ పట్టొచ్చు, ఇప్పుడే ఇన్నాళ్ళని చెప్తే అబద్ధమవుతుందని అంది. మణికట్టు వాలకుండా అరచేతి కింద బద్ద ఉన్న పట్టీ ఒకటి కట్టి, మర్నాడు రమ్మంది.

అలా మొదలైంది మాస్టారి ఆస్పత్రి నడక. పొద్దున్నే వెళ్ళేవాడు. స్పాంజి తడి, చీమల పాకుడు, చెయ్యి లేవడం, వాలడం. ఆ తర్వాత ఎడమచేత్తో కుడి వేళ్ళని ఒక్కొక్కటే విప్పడం. పక్క మంచం మీద కండక్టరమ్మ కబుర్లు. ఆ పెట్టె తన నడుం నొప్పిని ఏం చేస్తుందో ఆవిడ తన భాషలో చెప్పేది. "నొప్పి పోదు తమ్ముడూ. కాసేపు బస్సు దిగి టీ తాగొస్తుంది. అది తిరిగొచ్చేలోపు నేను కసరత్తు చేసుకోవాలి." ఆవిడకి నిజంగానే ఆ కాసేపట్లో చెక్కబారు పట్టుకుని వంగడం, లేవడం నేర్పేది ఆ అమ్మాయి. నొప్పి ఉన్నప్పుడు చెయ్యలేని పని నొప్పి పక్కకి తప్పుకున్నప్పుడు చేస్తే నడుం గట్టిపడుతుందట.

ఆస్పత్రిలో బాగానే ఉండేది. ఇంటికి వస్తేనే గడిచేది కాదు. చొక్కా బొత్తాలు భార్య పెట్టాలి. అన్నం ఎడమచేత్తో చెంచా పట్టుకుని తింటుంటే సగం ఒళ్ళో పడేది. అన్నిటికన్నా గడ్డం ఆయన్ని బాధపెట్టింది. బుద్ధెరిగిన నాటి నుంచీ తన గడ్డం తానే గీసుకున్న మనిషి. మరొకరి కత్తి ఆయన చెంప తాకి ఎరగదు. ఎడమచేత్తో ప్రయత్నించి చెవి దగ్గర తెగ్గోసుకున్నాక మానేశాడు. మొదట గరుకుగా, తర్వాత గుబురుగా పెరిగింది. వీధిలో ఎవరైనా ఎదురైతే మొహం పక్కకి తిప్పుకునేవాడు. భార్య ఒకసారి మరిది మాట ఎత్తబోయింది. ఆయన పట్టీ వైపు చూస్తూ, దాని ముడి బిగుసుకుపోయిందేమో చూడు అన్నాడు. ఆవిడ ముడి చూసింది, మాట మింగింది.

ఒకరోజు ఆస్పత్రి నుంచి వస్తూ మాస్టారు వీధి మలుపులో ఆగిపోయాడు. తన షాపు షట్టరు ఎత్తి ఉంది.

మందుల షాపు పక్కన నిలబడి తొంగిచూశాడు. లోపల తమ్ముడు. స్టేషను మాస్టరు తండ్రి కుర్చీలో కూర్చుని ఉంటే, ఆయన చెవుల చుట్టూ కత్తెరతో సన్నగా దిద్దుతున్నాడు. బెంచీ మీద మరో ఇద్దరు పాత ఖాతాదారులు. అద్దాల తలుపున్న షాపు ఇంకా మూసే ఉంది. తాళం చెవి ఎవరిచ్చారో మాస్టారికి వేరే చెప్పక్కర్లేదు. ఆయన కళ్ళు అద్దం కింద బల్లంతా వెతికాయి. కత్తెర్లున్నాయి, దువ్వెనలున్నాయి. మెషీను లేదు. ఈసారి తమ్ముడు దాన్ని ఆ గడప దాటించలేదు.

ఆయన లోపలికి వెళ్ళలేదు. వచ్చిన దారినే వెనక్కి తిరిగి, సందు చుట్టి ఇంటికి చేరాడు. అన్నం పెట్టేటప్పుడు భార్య ఓరగా ఒకసారి ఆయన మొహంలోకి చూసింది.

తమ్ముడు రెండు షాపులూ ఈడుస్తున్నాడని తెలిశాక మాస్టారికి తొందర పుట్టింది. తొందర మంచి పనికే పుట్టినా, దాని గుణం దానిదే. మర్నాడు కరెంటు గదిలో పెట్టె నడుస్తుండగా, కండక్టరమ్మని నడిపించడానికి ఆ అమ్మాయి తెర అవతలికి వెళ్ళింది. కొంచెం కరెంటుకి ఇంత లేస్తే, ఇంకొంచెం పెడితే ఇంకెంత లేవాలి అనుకున్నాడు మాస్టారు. ఎడమచేత్తో మీట తిప్పాడు. చెయ్యి జోరుగా ఎగిరిపడింది. ఆయనకి సంతోషం వేసింది. ఇంకొంచెం తిప్పాడు. స్పాంజి అప్పటికే ఆరిపోతోందని ఆయనకి తెలియదు. అక్కడి చర్మానికి స్పర్శ సరిగా లేదు కాబట్టి మంట కూడా తెలియలేదు.

ఆ అమ్మాయి తిరిగొచ్చి మీట చూసింది. ముందు పెట్టె ఆపింది, పట్టీలు విప్పింది. బిళ్ళ అంచు వెంబడి చర్మం ఎర్రగా కమిలిపోయి ఉంది. చల్లని నీళ్ళు పోసి, మందు రాసి, గుడ్డ చుట్టింది.

"మిమ్మల్ని వదిలి వెళ్ళడం నా తప్పు," అంది చివరికి. "కానీ ఒక్కటి చెప్పండి. కత్తిని ఎక్కువ నొక్కితే గడ్డం నున్నగా వస్తుందా?"

మాస్టారు తల వంచుకున్నాడు. "తెగుతుంది," అన్నాడు.

పుండు మానేదాకా కరెంటు లేదు. తెర అవతల్నుంచి కండక్టరమ్మ అంతా వింది. బస్సు నిండా జనం ఉన్నప్పుడు డ్రైవర్ని తొందరపెట్టేవాళ్ళని తను మధ్యలోనే దింపేసేదాన్నని, తమ్ముడివి కాబట్టి నిన్ను వదిలేస్తున్నానని అంది. ఆ మాటకి ఆ అమ్మాయి మొహం కాస్త సడలింది.

కరెంటు లేని ఆ రోజుల్లో మాస్టారికి ఏమీ తోచలేదు. చెయ్యి ఇంకా సన్నబడిపోతోందేమోనని పొద్దస్తమానం రెండు ముంజేతులూ పక్కపక్కన పెట్టి పోల్చుకునేవాడు. ఒక సాయంత్రం ఆయన అలా కూర్చుని ఉంటే భార్య చేస్తున్న పని ఆపి, అద్దం తెచ్చి ఎదుట పెట్టింది. అద్దంలో మాస్టారికి ఎవరో ముసలాయన కనిపించాడు. నెరిసిన గడ్డం మెడ దాకా దిగింది, మీసం పెదవి మీద పడింది. ఇలాంటి మనిషి తన షాపుకి వస్తే, ఇన్నాళ్ళూ ఏ అడవిలో ఉన్నావయ్యా అని అడిగేవాడు.

చెప్పులు వేసుకుని వీధిలోకి నడిచాడు.

తమ్ముడు మాస్టారి షాపులో ఊడుస్తున్నాడు. అన్నని చూసి చీపురు మూలకి ఆనించాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. మాస్టారు వెళ్ళి మొదటి కుర్చీలో కూర్చున్నాడు. ఎప్పుడూ వెనక నిలబడే మనిషికి ఆ కుర్చీలోంచి అద్దం కొత్తగా ఉంది. తమ్ముడు ఉతికిన గుడ్డ దులిపి ఆయన మెడ చుట్టూ కప్పాడు. ముందు కత్తెరతో గడ్డం కురచ చేశాడు. గోరువెచ్చని నీళ్ళతో తడిపి, బ్రష్షుతో నురగ పట్టించాడు. ఆ పట్టించే తీరు, చెంప దగ్గర మొదలుపెట్టి గుండ్రంగా గడ్డం కిందికి దిగడం, మాస్టారు నేర్పిందే.

కొత్త బ్లేడు వేసి కత్తి తెరిచాక తమ్ముడు ఆగాడు.

"నీ చెయ్యి వణుకుతోందిరా," అన్నాడు మాస్టారు అద్దంలో చూస్తూ.

"నీ గడ్డం కదా అన్నయ్యా."

మాస్టారు కళ్ళు మూసుకున్నాడు. కత్తి కణత దగ్గర ఆనింది. గరగరమంటూ చెంప మీదుగా కిందికి దిగింది. గొంతు కిందికి వచ్చేటప్పుడు తల కాస్త వెనక్కి అన్నాడు తమ్ముడు. వాల్చాడు అన్న. ఆ చోట కత్తి పెట్టించుకోవాలంటే మనిషి మీద ఎంత నమ్మకం ఉండాలో ఇన్నేళ్ళలో ఆయన ఆలోచించనే లేదు. రోజూ ఎంతమంది తన ముందు అలా తల వాల్చారో ఇప్పుడు ఆలోచనకి వచ్చింది.

రెండో చెంపకి వచ్చేసరికి తమ్ముడి చెయ్యి కుదురుకుంది. ధైర్యం కూడా వచ్చినట్టుంది.

"కరెంటు పెడుతున్నారంట కదా. నొప్పిగా ఉంటుందా?"

"చీమలు పాకినట్టుంటుంది."

తమ్ముడు కత్తి నీళ్ళలో జాడించి తుడుచుకున్నాడు. "మా మెషీనుకైతే చీమలు కూడా పాకవు," అన్నాడు.

మాస్టారికి నవ్వు ఆగలేదు. నవ్వేసరికి నురగ నోట్లోకి పోయింది, ఉమ్ముకున్నాడు. తమ్ముడు కత్తి దూరంగా పట్టుకుని, కదలకు కదలకు అంటూ తనూ నవ్వాడు. ఆ తర్వాత వాళ్ళేమీ పెద్ద మాటలు మాట్లాడుకోలేదు. తప్పు నీదంటే నీదని లెక్కలు తేల్చుకోలేదు. తమ్ముడు పటిక రాశాక, చెంప ఒకసారి ఎదురు నిమిరి చూసుకుని, ఎడమ దవడ కింద కొంచెం మిగిలిందిరా అన్నాడు మాస్టారు. తమ్ముడు మళ్ళీ నురగ పెట్టాడు.

పుండు మానాక కరెంటు గదిలో పని ఇంకోలా సాగింది. ఇప్పుడు ఆ అమ్మాయి ఆయన్ని ఊరికే కూర్చోనివ్వలేదు. కరెంటు వచ్చినప్పుడల్లా మీరూ ఎత్తండి, లేచినా లేవకపోయినా మనసులో అయినా ఎత్తండి అనేది. మీట జోలికి పోకుండా, మధ్యమధ్య స్పాంజి తడి తనే చూసుకుంటూ, ఆమె చెప్పినట్టు చేశాడు మాస్టారు. కండ అలిసిపోయి లేవడం తగ్గగానే ఆమె ఆపేసేది. ఇంకాసేపు అని ఆయన ఇంకెప్పుడూ అడగలేదు.

కరెంటు పెట్టినప్పుడు లేవడం, తీసేస్తే వాలడం. రోజులు అలాగే గడిచాయి. ఆశ పడడం, నిరాశ పడడం రెండూ విసుగొచ్చి మానేశాక, ఒక పొద్దున పెరట్లో భార్య చేతుల మీద నీళ్ళు పోస్తోంది. పట్టీ విప్పి ఉంది. నీళ్ళు చల్లగా తగిలేసరికి మాస్టారు అలవాటుగా చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు. మణికట్టు కదిలింది. వెంట్రుకవాసి. కదిలిందో, నీళ్ళ బరువుకి అలా అనిపించిందో తేల్చుకోలేకపోయాడు. భార్యకి చెప్పలేదు. కోయిల ముందే కూస్తే ఏమవుతుందో మొదటిరోజే చూశాడు.

ఆస్పత్రికి వెళ్ళి, పెట్టె పెట్టకముందే ఒకసారి చూడమని అడిగాడు. ఆ అమ్మాయి ఆయన ముంజేతిని దిండు మీద పెట్టి, కండ మీద రెండు వేళ్ళు ఆనించి, ఎత్తండి అంది. ఆయన ఎత్తాడు. కంటికి ఏమీ కనపడలేదు. మళ్ళీ అంది. ఆమె కళ్ళు మూసుకుని వేళ్ళతో వింటున్నట్టు కూర్చుంది. పక్క మంచం మీద కండక్టరమ్మ మోచేతుల మీద లేచి, తీగలు లాగుతున్నా పట్టించుకోకుండా ఇటు వంగింది. మూడోసారి ఎత్తమన్నప్పుడు మణికట్టు మీద సన్నటి తాడులా ఒకటి తేలి మాయమైంది. అది అందరికీ కనిపించింది.

"వచ్చింది," అంది ఆ అమ్మాయి.

కండక్టరమ్మ మంచం పట్టె మీద రెండుసార్లు తట్టింది. "రైట్, రైట్. పోనీ బండి."

మాస్టారు కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకున్నది ఎడమచేత్తోనే.

అక్కడి నుంచి మెట్టు మెట్టుగా వచ్చింది. ముందు చెయ్యి బల్ల మీంచి వేలెడు ఎత్తు లేచింది. తర్వాత నిలిచింది. వేళ్ళు ఆలస్యంగా విచ్చుకున్నాయి. బొటనవేలు అన్నిటికన్నా మొండికేసింది. పెట్టె అవసరం తగ్గుతూ వచ్చి, చివరికి ఆమె దాన్ని గోడవైపుకి తోసేసి రబ్బరు బంతి, బట్టల క్లిప్పులు చేతికిచ్చింది. ఆ మధ్యలోనే కండక్టరమ్మ వంతు ముగిసింది. నొప్పి పూర్తిగా పోలేదు, పోదని కూడా ఆవిడకి తెలుసు. కానీ ఇప్పుడు మార్కెట్టు దాకా నడిచి రాగలుగుతోంది. నొప్పి ముదిరిన రోజుల కోసం జేబులో పట్టే పెట్టె ఒకటి వాడుకోమన్నారు. దాన్ని సంచీలో పెట్టి భుజానికి అడ్డంగా వేసుకుంటే, మళ్ళీ డ్యూటీలో ఎక్కినట్టుంది అని నవ్వుతూ వెళ్ళిపోయింది.

చివరి రోజు ఫిజియో అమ్మాయి, ఇక రేపట్నుంచి రానక్కర్లేదంది. మాస్టారికి సంతోషం కలగాలి. కలిగింది కూడా. కానీ వరండా చివర్లో ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. పొద్దున్నే వెళ్ళడానికి ఒక చోటు తగ్గిపోయినట్టు అనిపించింది. గుమ్మం దగ్గర ఆమెకొక మాట చెప్పాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటూ మొహమాటపడ్డాడు. ఆ రోజు చెప్పేశాడు. నీ జుట్టు చివర్లు ఎవరు కత్తిరించారో గానీ అమ్మా, ఎడమవైపు పొడుగు వదిలేశారు. ఆమె చెయ్యి వెనక్కి పోనిచ్చి తడుముకుని, మొదటిసారి గట్టిగా నవ్వింది. తనే కత్తిరించుకుందట, అద్దం ముందు.

షాపులో మాస్టారు కొన్నాళ్ళు కత్తెరే పట్టాడు. తల పని చేసేవాడు, గడ్డాలు రెండో కుర్చీలో తమ్ముడు చూసుకునేవాడు. పని సద్దుమణిగాక తమ్ముడు వీధి దాటి తన అద్దాల తలుపు తెరుచుకునేవాడు. మెషీను కావాలన్నవాళ్ళని మాస్టారే అటు పంపించేవాడు. ఒకరిద్దరు పాత ఖాతాదారులు కత్తి ఎప్పుడు పడతారు మాస్టారూ అని అడిగితే, పట్టినప్పుడు అనేవాడు. బొటనవేలు సాయంత్రమయ్యేసరికి ఇంకా బరువెక్కేది. ఆ వేలు మీద నమ్మకం పెట్టుకుని ఒకరి గొంతు మీద కత్తి ఆనించడానికి మనసొప్పేది కాదు.

ఒక ఉదయం తమ్ముడు పిల్లల బడిపనిమీద రాలేదు. షాపులో మాస్టారొక్కడే. రైలు దిగినట్టున్నాడు, దుమ్ముకొట్టుకున్న బట్టలతో, చేతిలో సంచీతో ఒక కొత్త మనిషి లోపలికి వచ్చి, గడ్డం అని కుర్చీలో కూలబడ్డాడు. ఇంకో రైలు అందుకోవాలట. తమ్ముడు లేడని చెప్పబోయాడు మాస్టారు. అంతలోనే ఆ మనిషి తల వెనక్కి వాల్చి కళ్ళు మూసేశాడు.

మాస్టారు కుడి బొటనవేలు ఒకసారి ముడిచి విప్పి చూసుకున్నాడు. తర్వాత నీళ్ళు వెచ్చబెట్టాడు. నురగ తీరిగ్గా పట్టించాడు. కత్తి తెరిచి, కణత దగ్గర ఆనించి, తనకి తాను చెప్పుకున్నట్టు మెల్లగా కిందికి లాగాడు. చెయ్యి సాగింది, ఆగాల్సినచోట ఆగింది. ఇదివరకటి వేగం లేదు. ఒక్కో గీతకీ మణికట్టు ఏం చేస్తోందో ఆయనకి ఇప్పుడు తెలుస్తోంది. ముందెప్పుడూ తెలిసేది కాదు. గొంతు దగ్గరికి వచ్చేసరికి ఆ మనిషి సన్నగా గుర్రు పెడుతున్నాడు. మాస్టారు ఊపిరి బిగపట్టి చర్మం లాగి పట్టుకుని, కింది నుంచి పైకి శుభ్రంగా గీశాడు. పక్క షాపులో సైకిలు గంట మోగింది. ఆ మనిషి కదల్లేదు.

పటిక రాసేటప్పుడు చల్లదనానికి మెలకువ వచ్చింది. చెంపలు నిమురుకున్నాడు, గోడ గడియారం చూసుకున్నాడు, సంచీ భుజాన వేసుకుని గబగబా స్టేషను వైపు నడిచిపోయాడు. ఆ చెయ్యి కథ అతనికి తెలియదు, మాస్టారూ చెప్పలేదు.

సాయంత్రం తమ్ముడు వచ్చి పొద్దున ఎవరైనా వచ్చారా అని అడిగాడు. ఒకాయన వచ్చాడు, గడ్డం గీయించుకుని పోయాడు అన్నాడు మాస్టారు, కత్తి తుడుస్తూ. తమ్ముడు ఆ కత్తినీ, అన్న కుడిచేతినీ చూసి, బెంచీ మీద కూర్చుని, టీకి వెళ్దామా అన్నయ్యా అన్నాడు.